కట్టుకున్న కక్ష

అంకమ్మరావు కల్లం తగలబడిన సాయంత్రం ఊరంతా దగ్గింది. మిరపకాయ కాలిన ఘాటు పైరగాలి మీద ఎక్కి ఇంటింటికీ వచ్చింది. బస్సు దిగినవాళ్లు దిగినట్టే మొహాలకు తువ్వాళ్లు చుట్టుకున్నారు. పసిపిల్లలున్న ఇళ్లల్లో తలుపులు బిగించి, గడప సందుల్లో తడిగుడ్డలు కుక్కారు. ఎవరు ఎవరిని ఏం అడిగినా ముందు దగ్గే వచ్చేది, తర్వాత మాట.

అంకమ్మరావు భార్య సుబ్బరావమ్మ చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని చేనుకి పరిగెత్తింది. మొదటి కోత కాయ మొత్తం అక్కడే ఉంది. తేజ రకం. గలగలలాడేట్టు ఎండింది. మర్నాడు బస్తాలకెత్తి గుంటూరు యార్డుకి తోలాల్సింది. ఆమె వెళ్లేసరికి దక్షిణం వైపు కాయ నల్లగా కుప్పకూలిపోతోంది, మిగతా సగం మీద కప్పిన ప్లాస్టిక్ పట్ట అంటుకుని ముడుచుకుపోతోంది. ఆ పట్టని రెండు చేతులతో పట్టుకుని వెనక్కి లాగుతున్న మనిషి సంజీవరావు. కాలువ అవతల పత్తికట్టె పీకుతున్నవాడు పీకుతున్నట్టే వచ్చాడు. కరిగిన ప్లాస్టిక్ అరచేతులకి అతుక్కుని పొగలు వస్తున్నా వదల్లేదు. కోతకూలీల మేస్త్రి మౌలాబీ, ఆవిడ ముఠా ఆడవాళ్లూ బిందెలతో కాలువ నీళ్లు తెచ్చి పోస్తున్నారు.

అప్పుడొచ్చాడు అంకమ్మరావు. రోడ్డు మీద హోటల్లో టీ తాగుతున్నవాడు ఎవరో కేకేస్తే మోటార్ సైకిల్ మీద వచ్చాడు. బండికి స్టాండ్ కూడా వేయలేదు, పడేసి దిగాడు. కాలిపోతున్న కాయని చూశాడు, సంజీవరావుని చూశాడు.

“ఒరేయ్ సంజీవా! ఎంత పని చేశావురా!” అన్నాడు.

సంజీవరావు పట్ట వదిలేశాడు. చేతులు గాలిలో అలాగే పైకి పట్టుకుని కాలువ దాటి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున ఎస్సై వచ్చాడు. ఈ స్టేషన్‌కి కొత్త, చిన్నవాడు. నల్లబడ్డ కాయని బూటుతో కదిపి, దగ్గి, రుమాలు తీసి మూతికి పెట్టుకున్నాడు.

“ఎవరి మీదన్నా అనుమానం ఉందా?”

“అనుమానం ఏంటి సార్, ఖాయంగానే చెబుతున్నాను. సంజీవరావు. పాత కక్షలు,” అన్నాడు అంకమ్మరావు.

పక్కనున్న కానిస్టేబుల్ ఆ రెండు మాటలూ టకటకా రాసేసుకున్నాడు. ఇంకేం చెప్పినా ఆగి ఆగి, మళ్లీ అడిగి రాసిన మనిషి ఆ మాట దగ్గర మాత్రం ఆగలేదు.

సంజీవరావుని పిలిపించారు. రెండు చేతులకీ కట్లు. ఊళ్లో సగం మంది గట్ల మీద నిలబడి చూస్తున్నారు.

“ఈయన మీద నీకు కక్ష ఉందా?” అని అడిగాడు ఎస్సై.

ఎవరైనా లేదనే అంటారు. లేదండీ, మేం మేం బాగానే ఉంటాం, గిట్టనివాళ్లు చెప్పారు అంటారు. ఎస్సై కూడా ఆ జవాబు కోసమే చూస్తున్నట్టు కానిస్టేబుల్ వైపు తిరిగాడు.

“ఉందండి,” అన్నాడు సంజీవరావు.

“ఏంటి?”

“కక్ష ఉందండి. ఉన్నది లేదనను. నిప్పు మాత్రం నేను పెట్టలేదు.”

ఎస్సైకి నవ్వొచ్చింది. “కక్ష ఉందంటావు. చేతులు చూస్తే కాలి ఉన్నాయి. నిప్పు మాత్రం పెట్టలేదంటావు.”

మౌలాబీ ముందుకొచ్చింది. “సార్, మంట లేచాకే ఆయన వచ్చాడు. మేమందరం చూశాం. ఆర్పబోతేనే కాలాయి చేతులు.”

“పెట్టి వెళ్లి, మళ్లీ వచ్చి ఆర్పినట్టు నటించేవాళ్లని చాలామందిని చూశానమ్మా,” అన్నాడు ఎస్సై.

సంజీవరావుని జీపెక్కించి తీసుకెళ్లారు. సాయంత్రానికి పంపించేశారుగానీ, రోజూ పొద్దున్నే వచ్చి స్టేషన్లో కూర్చోమన్నారు. సోమవారం అరెస్టు చూపిస్తారని ఊళ్లో అనుకున్నారు.

ఆ మర్నాడు పేపర్లో లోపలి పేజీలో నాలుగు లైన్లు వచ్చాయి. ‘పాత కక్షలతో మిర్చి కల్లానికి నిప్పు’ అని హెడ్డింగ్. అంకమ్మరావు ఆ పేజీని మడిచి చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాడు. సుబ్బరావమ్మ ఆ హెడ్డింగ్ చదివింది, వెళ్లి అన్నం వార్చింది, మళ్లీ వచ్చి చదివింది.

కక్ష అనే మాట ఆవిడ నోట్లో రోజూ ఆడేదే. గేదె తన్నితే “దీనికి నామీద కక్ష” అనేది. కరెంటు సరిగ్గా మోటారు వేసే టైముకే పోతే “కక్ష కట్టి తీస్తారు” అనేది. ఎండ మీద, కోతుల మీద, టీవీ సీరియల్లో అత్తగారి మీద వాడేది. అంత తేలిక మాట పేపర్లో అచ్చయ్యేసరికి ఒక మనిషిని జైల్లో పెట్టేంత బరువెక్కింది. పైగా ఆ హెడ్డింగ్‌లో ఎవరి కక్షో, ఎందుకు పుట్టిందో లేదు. పాతవి అంతే. ఇనుప సామాను లాగా.

ఎందుకు పుట్టిందో సుబ్బరావమ్మకి తెలుసు. ఊరందరికీ తెలుసు.

నాలుగేళ్ల కిందట భాద్రపదం ముసురులో సంజీవరావు తల్లి పున్నమ్మ పోయింది. శ్మశానానికి వెళ్లే డొంకలో మోకాలి లోతు నీళ్లు. పక్కనే అంకమ్మరావు చేను మెరక మీద ఉంటుంది. చేను అంచునే నాలుగు బారలు నడిస్తే పాడె అవతలకి చేరుతుంది. అప్పటికి రెండు రోజుల కిందటే అంకమ్మరావు మిరప నారు వేయించాడు. సంజీవరావు తడిబట్టలతో వచ్చి అడిగాడు. ఇద్దరూ ఒకే బళ్లో, ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్లు. అన్నదమ్ముల్లాగా తిరిగినవాళ్లు. ఆ చనువుతోనే అడిగాడు.

“మొక్క తొక్కుడు పడుద్దిరా. చుట్టూ తిరిగి పొండి,” అన్నాడు అంకమ్మరావు.

చుట్టూ తిరిగి వెళ్లారు. డొంకలో బురదకి ముందు మోసేవాడి కాలు జారింది. పాడె ఒరిగింది. పున్నమ్మ పక్క గుంటలో నీళ్లల్లో పడింది. కొడుకే నడుం లోతు బురదలోకి దిగి తల్లిని ఎత్తుకున్నాడు.

అప్పట్నుంచీ మాటల్లేవు. సంజీవరావు నోరెత్తి తిట్టలేదు, పంచాయితీ పెట్టలేదు. అంకమ్మరావు ఎదురొస్తే పక్కకి తప్పుకుని వెళ్లేవాడు, అంతే.

సుబ్బరావమ్మకి ఇంకొకటి కూడా తెలుసు. అది ఊళ్లో ఎవరికీ తెలియదు.

కాయ కల్లంలో ఉన్నన్నాళ్లూ అంకమ్మరావు అక్కడే కాపలా పడుకుంటాడు. దోమలకి ఓర్చుకోలేడు. అందుకని రోజూ సాయంత్రం సుబ్బరావమ్మ నీళ్ల పొయ్యిలోంచి నిప్పులు తీసి, పాత ఇనప బొచ్చెలో వేసి ఇచ్చేది. ఆయన దాన్ని బండి మీద జాగ్రత్తగా పట్టుకెళ్లి, పైన పిడక ముక్కలు, వేపాకు వేసి పొగ పెట్టుకునేవాడు. ఆ సాయంత్రం కూడా ఇచ్చింది. తన చేతులతో ఇచ్చింది.

కాలిన రోజే అడిగింది. “పొగ బొచ్చె ఎక్కడ పెట్టారండీ?”

“ఆర్పేసే వెళ్లాను టీకి,” అన్నాడు అప్పుడు.

మర్నాడు ఎస్సై వెళ్లాక మళ్లీ అడిగింది.

“అసలు ఆ రోజు పొగే వేయలా,” అన్నాడు.

ఆ రెండు జవాబుల మధ్య ఆవిడ ఇరుక్కుపోయింది. బొచ్చె కోసం కల్లంలో వెతికింది. చేలో మోటారు షెడ్డులో వెతికింది. లేదు. కాలిన కాయ దక్షిణం అంచున, ఆయన ఎప్పుడూ పొగ పెట్టుకునే చోట, నేల గుండ్రంగా, మిగతా చోటుకన్నా నల్లగా ఉంది. బొచ్చె మాత్రం లేదు.

ఇంక కాలు ఒకచోట నిలవలేదు. పొయ్యి మీద కూర పెట్టి వాకిట్లోకి వెళ్లేది, వాకిట్లోంచి దొడ్లోకి వెళ్లేది, ఎందుకు వచ్చానా అని తిరిగొచ్చేసరికి కూర మాడేది. మంగళగిరిలో ఆఫీసులో పనిచేసే కూతురు అఖిల ఫోన్ చేస్తే ఏదో చెప్పబోయి “ఏం లేదమ్మా, ఎండలు,” అని పెట్టేసింది. చీర మడత పెట్టి, విప్పి, మళ్లీ మడత పెట్టేది. సంజీవరావు పొద్దున్నే కట్లు కట్టిన చేతులు పొట్టకి ఆనించుకుని, బస్సు కోసం నడుచుకుంటూ వెళ్లడం కిటికీలోంచి కనిపించేది. టికెట్ డబ్బులు తీసుకోమని కండక్టర్‌కి జేబు చూపిస్తున్నాడట. ఆ మాట మౌలాబీ చెప్పింది.

శుక్రవారం సాయంత్రం ఉండలేక సంజీవరావు ఇంటికి వెళ్లింది. నాలుగేళ్ల తర్వాత ఆ గడపలోకి వెళ్లడం. ఆయన భార్య సంతోషకుమారి ఆయనకి అన్నం కలిపి ముద్దలు పెడుతోంది. సుబ్బరావమ్మని చూసి ముద్ద చేతిలోనే ఆపేసింది. రమ్మనలేదు, పొమ్మనలేదు.

“అన్నయ్యా,” అంది సుబ్బరావమ్మ గుమ్మం దగ్గరే నిలబడి. “పోలీసుల ముందు కక్ష ఉందని ఎందుకు ఒప్పుకున్నావు? లేదంటే పోయేది కదా.”

“లాయరు కూడా అదే అని తిడుతున్నాడు,” అంది సంతోషకుమారి. “ఇప్పుడైనా మాట మార్చమంటున్నాడు. వినడే ఈయన.”

సంజీవరావు నోట్లో ముద్ద మింగాక చెప్పాడు. “లేదంటే మా అమ్మ మామూలుగానే పోయినట్టు, మామూలుగానే తగలబెట్టి వచ్చినట్టు అవుద్దమ్మా. అది నేను అనలేను.”

సుబ్బరావమ్మ గుమ్మానికి ఆనుకుంది.

“కక్ష కట్టుకున్నాను. ఎవరు అడిగినా చెబుతాను. నీ మొగుడు ఎదురొస్తే నాకు ఒళ్లు మండుద్ది. ఆయన నవ్వితే మండుద్ది, ఆయన చేను పచ్చగా కనిపిస్తే మండుద్ది. ఆయన పడితే చూడాలని ఉంది. అన్నీ ఉన్నాయి. కానీ కట్టుకోవడం వేరు, తీర్చుకోవడం వేరు. ఈ ఎస్సై గారికి రెండూ ఒకటే.” కట్ల వైపు చూసుకున్నాడు. “కాయ ఏం చేసింది? ఆ కాయకి నేను ఎందుకు నిప్పు పెడతాను? మంట చూడగానే ఎవరిదో కూడా గుర్తు రాలా నాకు. పట్ట పట్టుకున్నాక గుర్తొచ్చింది.”

“గుర్తొచ్చాక వదిలేయాల్సింది కదా,” అంది సంతోషకుమారి కోపంగా.

“అప్పటికే అతుక్కుపోయింది,” అన్నాడు.

సుబ్బరావమ్మ ఇంటికొచ్చేసరికి అంకమ్మరావు వాకిట్లో మంచం మీద కూర్చుని ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. “వాడే ఒప్పుకున్నాడు బావా, కక్ష ఉందని. అందరి ముందూ ఒప్పుకున్నాడు. ఇంకేం సాక్ష్యం కావాలి?” అంటున్నాడు. ఫోన్ పెట్టేదాకా ఆవిడ నిలబడింది.

“నిప్పులు నేనిచ్చాను,” అంది.

“ఏ నిప్పులు?”

“బొచ్చెలో వేసి ఇచ్చాను. గాలి వచ్చింది. మీరు టీకి వెళ్లారు.”

“పొగ వేయలేదని చెప్పానా?”

“మొదట ఆర్పేశానన్నారు.”

అంకమ్మరావు లేచాడు. చెయ్యెత్తుతాడనుకుంది, ఎత్తలేదు. మొహం మాత్రం పాలిపోయింది. “వాడికి నామీద కక్ష ఉందా లేదా? అది చెప్పు.”

“ఉంది. నేనిప్పుడే విని వచ్చాను.”

“మరి ఇంకేంటే!”

“కక్ష ఆయనది. నిప్పు మనది,” అంది సుబ్బరావమ్మ. “సోమవారం ఆయన్ని జైలుకి పంపిస్తే మనింట్లో అన్నం ఎట్లా దిగుద్ది?”

“నోరు మూసుకుని లోపలికి పో.”

వెళ్లింది. శనివారమంతా నోరు మూసుకునే ఉంది. ఆవిడ చేసిన పనే మళ్లీ చేసింది, తోమిన గిన్నెలే తోమింది. ఎక్కడ కూర్చున్నా లేవాలనిపిస్తోంది, లేస్తే ఎక్కడికి వెళ్లాలో తెలియడం లేదు. మొగుడి మీద స్టేషన్లో చెప్పిన ఆడదాన్ని ఆవిడ ఎన్నడూ చూడలేదు. చూసి ఉంటే ఏమనేదో కూడా ఆవిడకి తెలుసు.

ఆదివారం పొద్దున మౌలాబీ ఇంటికి వెళ్లి, “నాతో స్టేషన్ దాకా వస్తావా?” అని అడిగింది. మౌలాబీ ఎందుకని అడగలేదు. తల మీద కొంగు సర్దుకుని చెప్పులేసుకుంది. ఇద్దరూ ఆటో ఎక్కారు. దోవలో మౌలాబీ ఒక్కటే అంది: “అక్కా, చెప్పేదేదో మొదటే చెప్పేయి. చుట్టూ తిప్పావంటే సగంలో ఆగిపోతావు.”

అందుకే ఎస్సై ఎదురుగా నిలబడగానే చెప్పేసింది. “సార్, మా కల్లానికి ఎవరూ నిప్పు పెట్టలేదు. పొగ బొచ్చెలోంచి పడింది. నిప్పులు వేసి ఇచ్చింది నేను.”

ఎస్సై కుర్చీలో వెనక్కి వాలి ఉన్నవాడు ముందుకి వంగాడు. “మీరు ఫిర్యాదు చేసినాయన భార్య కదా?”

“అవునండి.”

“మీ మీద ఎవరన్నా ఒత్తిడి పెట్టారా? సంజీవరావు వాళ్లు బెదిరించారా?”

“లేదండి. ఆయన కక్ష ఉందనే చెబుతున్నాడు ఇప్పటికీ. నాతోనూ అదే చెప్పాడు.”

“మరి?”

“కక్ష ఉండటానికి కారణం ఉంది సార్. అది మావాళ్లు చెప్పలేదు మీకు.” పున్నమ్మ పాడె సంగతి మొత్తం చెప్పింది. చెబుతుంటే బల్ల దగ్గర కానిస్టేబుల్ రాయడం ఆపి వినడం మొదలుపెట్టాడు. బెంచీ చివర సంజీవరావు తల వంచుకుని కూర్చుని ఉన్నాడు. ఆవిడ తన తల్లి పేరు పలికినప్పుడు ఒకసారి తలెత్తాడు, అంతే.

మధ్యాహ్నానికి అంకమ్మరావుని పిలిపించారు. భార్య బల్లకి ఇటు, ఆయన అటు. “పొగ వేశారా లేదా?” అని అడిగాడు ఎస్సై.

“గుర్తులేదండి.”

“బొచ్చె ఏమైంది?”

అంకమ్మరావు సుబ్బరావమ్మ వైపు చూడలేదు. గోడ మీద క్యాలెండరు వైపు చూశాడు. “కాలువలో పడేశాను,” అన్నాడు.

ఎస్సై చాలా తిట్టాడు. అబద్ధం ఫిర్యాదు ఇచ్చినందుకు మీ మీదే కేసు పెట్టాలన్నాడు. చివరికి ప్రమాదం అని రాసుకుని, సంజీవరావుని ఇంటికి వెళ్లిపొమ్మన్నాడు. అంకమ్మరావు మోటార్ సైకిల్ మీద ఒక్కడే వెళ్లిపోయాడు.

బస్టాండులో సంజీవరావు సుబ్బరావమ్మ ముందు ఆగాడు. “నీ మీద నాకేం లేదమ్మా. ఇంతకుముందూ లేదు,” అన్నాడు. “ఆయన మీద మాత్రం అట్లాగే ఉంది. నువ్వు చేసిన దానికి అది పోయిందనుకుంటావేమోనని చెబుతున్నాను.”

“అనుకోలేదు అన్నయ్యా,” అంది.

పోతుందనుకుంది తన అలజడే. అదీ పోలేదు. ఊళ్లో ఆడవాళ్లు ఆవిడ వస్తుంటే మాట ఆపేవాళ్లు, దాటాక మొదలుపెట్టేవాళ్లు. “కట్టుకున్నవాణ్ణి స్టేషన్లో నిలబెట్టింది” అని ఒకరు, “బాగా చేసింది” అని ఇంకొకరు. రెండు మాటలూ ఆవిడ చెవిన పడ్డాయి, రెండూ ఒకేలా గుచ్చుకున్నాయి. ఇంట్లో అంకమ్మరావు మాట్లాడటం మానేశాడు. వడ్డిస్తే తింటున్నాడు, లేకపోతే లేదు. ఇంక తన మీదే కక్ష కడతాడేమో అనుకుంది. ఒకే మంచినీళ్ల కుండ, ఒకే పైకప్పు కింద అది ఎలా ఉంటుందో ఊహించుకోబోయి ఊరుకుంది.

కొన్నాళ్లకి ఒక మధ్యాహ్నం కాలకుండా మిగిలిన కాయని వాకిట్లో పోసుకుని, పొగచూరినవీ, రంగుపోయిన తాలుకాయలూ వేరు చేస్తోంది. అంకమ్మరావు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఆయన కూడా నాలుగు కాయలు ఏరాడు.

“వాడు పెట్టలేదని తెలిసే చెప్పాననుకుంటున్నావు కదా?” అన్నాడు.

ఆవిడ చెయ్యి ఆగింది. “కాదా?”

“తెలియదే. నిజంగా తెలియదు. మంట చూశాను. వాణ్ణి చూశాను. అప్పుడు నాకు మొదట ఏమనిపించిందో ఎవరికీ చెప్పలేను.” కాయ తొడిమ తుంచుతూ కూర్చున్నాడు. “హమ్మయ్య అనిపించింది.”

“ఏంటీ?”

“పున్నమ్మ పెద్దమ్మ పాడె జారినప్పుడు నేను షెడ్డులో ఉన్నాను. లేనని అందరికీ చెప్పాను, నీకూ చెప్పాను. ఉన్నాను. కిటికీలోంచి చూశాను. వాడు బురదలో దిగి తల్లిని ఎత్తుకుంటుంటే చూస్తూ నిలబడ్డాను. కాళ్లు కదల్లేదు.”

సుబ్బరావమ్మ చేతిలో కాయ కింద పెట్టింది.

“అప్పట్నుంచీ వీడు నన్ను ఏదో ఒకటి చేస్తాడని చూస్తున్నాను. కల్లానికి నేను కాపలా పడుకున్నది దొంగల కోసం కాదే. వీడి కోసం. మోటారు కాలితే వీడేమో అనుకునేవాణ్ణి. పురుగు తగిలితే వీడేమో అనుకునేవాణ్ణి. వీడు చేయడే! తిడితే తిట్టొచ్చు, కొడితే కొట్టొచ్చు. పక్కకి తప్పుకుని పోయేవాడు. ఏదో ఒకటి చేసి తీర్చేసుకుంటే బాగుండు, నాకు విడుదలన్నా వచ్చేది అనుకునేవాణ్ణి. ఆ సాయంత్రం తీర్చుకున్నాడనుకున్నాను. పోతే పోయింది కాయ, చెల్లుకి చెల్లు అనుకున్నాను. బొచ్చె తర్వాత కనిపించింది. దాన్ని చూస్తే వాడు ఏమీ చేయలేదని ఒప్పుకోవాలి కదా. అందుకే పడేశాను.”

సుబ్బరావమ్మకి జాలేసింది. జాలితో పాటు కోపం కూడా వచ్చింది. నాలుగేళ్లు పక్కనే పడుకుని ఈ మాట దాచిన మనిషి మీద, ఒక మంచి మనిషిని దొంగలా చూస్తూ కూర్చున్న మనిషి మీద.

“ఇదంతా నాకు చెబితే ఏం లాభం?” అంది. “పోయి ఆయనకి చెప్పండి.”

“తంతాడు.”

“తన్నించుకోండి.”

ఆ రోజు వెళ్లలేదు. మర్నాడు చొక్కా వేసుకుని గేటు దాకా వెళ్లి తిరిగొచ్చాడు. ఆవిడ అడగలేదు. ఆ తర్వాతి రోజు పొద్దున, పాలు తీయడం అయ్యాక, ఏమీ చెప్పకుండా నడిచి వెళ్లాడు. బండి తీయలేదు. ఆవిడ చీపురు చేతపట్టుకుని వాకిట్లో అటూ ఇటూ తిరిగింది. ఊడ్చిన చోటే ఊడ్చింది. వీధిలో ఎవరు అరిచినా ఉలిక్కిపడి చూసింది. మొహం మీద దెబ్బతో వస్తాడనుకుంది. ఎండ వాకిట్లోకి దిగాక వచ్చాడు, దెబ్బలేం లేవు. అరుగు మీద కూర్చుని మంచినీళ్లు అడిగాడు.

“చెప్పారా?”

“చెప్పాను.”

“ఏమన్నాడు?”

“కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను. సంతోషకుమారి లోపలికి వెళ్లిపోయింది. వాడు మొత్తం విన్నాడు.” నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టాడు. “అంతా అయ్యాక ఒక్కటి అడిగాడు. ‘చూస్తూ ఎందుకు రాలేదురా’ అని.”

“మీరేమన్నారు?”

“మొదట మొక్క కోసం పొమ్మన్నాను, తర్వాత సిగ్గేసి రాలేదురా అన్నాను. ఇంకేం చెప్పను? అదే నిజం.”

“అప్పుడు?”

“ఇంక పో అన్నాడు. వచ్చేశాను.”

సుబ్బరావమ్మ ఆయన పక్కన అరుగు మీద కూర్చుంది. నాలుగేళ్ల తర్వాత సంజీవరావు ఆయనతో మాట చివర ‘రా’ చేర్చి మాట్లాడాడని ఇద్దరికీ తెలుస్తూనే ఉంది. దానికి ఏ అర్థం తీసుకోవాలో ఇద్దరికీ తెలియలేదు. ఆయన మాత్రం ఆ రోజు అడిగి మరీ పచ్చడి వేయించుకుని అన్నం తిన్నాడు.

రెండో కోత మొదలైంది. మౌలాబీ ముఠాతో వచ్చి సాళ్లు పట్టుకుంది. తెల్లారుజామునే మొదలుపెట్టి, ఎండెక్కేలోపు సగం చేను కోయించింది. సుబ్బరావమ్మ కూడా ఒక సాలు పట్టుకుంది. చేత్తో పని చేస్తుంటే ఆవిడకి కొంచెం నెమ్మదిగా ఉంటోంది, పని ఆగితే మళ్లీ మొదలవుతోంది. అంకమ్మరావు చేను చివర డొంక పక్కన వేపచెట్టు కింద గోతాలు విప్పుతున్నాడు.

డొంకలో సంజీవరావు వచ్చాడు. చేతులకి కట్లు తీసేశారు. అరచేతుల్లో చర్మం గులాబీ రంగులో కొత్తగా మెరుస్తోంది. వేళ్లు ఇంకా పూర్తిగా ముడుచుకోవడం లేదు కాబోలు, పార చంకలో ఇరికించుకుని నడుస్తున్నాడు. కోస్తున్న ఆడవాళ్లందరి చేతులూ ఆగాయి. మౌలాబీ ఒక్కతే “కోయండి, కోయండి,” అంది, తను కోయకుండా.

అంకమ్మరావు గోతం వదిలేసి లేచి నిలబడ్డాడు.

సంజీవరావు పక్కకి తప్పుకోలేదు. అలాగని ఆగనూ లేదు, పలకరించనూ లేదు. ఎదురుగా, తన మానాన తను, ఆయన్ని దాటుకుని కాలువ వైపు వెళ్లిపోయాడు. ఆయన వెళ్లాక కూడా అంకమ్మరావు చాలాసేపు నిలబడే ఉన్నాడు. సుబ్బరావమ్మ చూపు తిప్పుకుని కొమ్మ వంచింది. ఎర్రటి కాయలు గుప్పెడు తెంపి గంపలో వేసి, సాల్లో ముందుకి జరిగింది.